ఇటుక కడుపులో పచ్చ

ఓబులేసుకు ఒక జబ్బు ఉండేది. "నాకు తెలీదు" అన్న మాట వాడి నోట రాదు. దారి తెలియకపోతే నాలుగూళ్ళు చుట్టి వస్తాడు గానీ ఎదురొచ్చిన మనిషిని ఆపి అడగడు. అడిగితే ఎక్కడ చిన్నబోతానో అని వాడి భయం. అట్లాంటివాడు పోయి పోయి దస్తగిరి తాత దగ్గర శిష్యుడిగా చేరాడు.

దస్తగిరి తాత పుట్టింది దూదేకుల ఇంట్లో, చేసేది తాపీ పని. డెబ్బై దాటినాయి. సీమలో ఒక బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ ఉంది, దాని బూడిద చెరువుకు అర మైలు దూరంలో ఆయన కొట్టం. ఆశ్రమమని బోర్డు లేదు, మఠమని పేరు లేదు. "తాత కొట్టం" అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. వచ్చినవాళ్ళు కొందరు దండం పెట్టేవాళ్ళు, కొందరు సలాం చేసేవాళ్ళు. ఆయన అందరికీ ఒకే చెంబుతో మజ్జిగ పోసేవాడు. "ఏమన్నా ఉపదేశం చెప్పు తాతా" అని ఎవరన్నా అడిగితే, "రోంత ఆ గంప ఇట్లా అందీ నాయనా" అనేవాడు. అంతకు మించి ఆయన నోట ఉపదేశం విన్నవాళ్ళు లేరు.

ఎండాకాలం గాలి లేచిందంటే ఆ బూడిద వచ్చి చుట్టుపక్కల పల్లెల మీద పడేది. తినే సంగటి మీద, ఆరేసిన బట్టల మీద, నిద్రపోయే బిడ్డల రెప్పల మీద. జనం తిట్టుకునేవాళ్ళు. తాత తిట్టలేదు. గంపలకెత్తుకొచ్చి, సున్నం కలిపి, అచ్చుల్లో పోసి ఇటుకలు చేశాడు. సిమెంటు చిటికెడు కూడా వేయలేదు. ఆ ఇటుకలతో పశువుల పాకలు లేచినాయి, ప్రహరీలు లేచినాయి, ఒక దర్గాకు అరుగు, ఒక గంగమ్మ గుడికి మెట్లు కూడా వచ్చినాయి.

ఆ కొట్టంలో ఒక ఆచారం ఉంది. గోడ మొదలుపెట్టే ముందర, ఇటుక పోసినవాడే ఒక ఇటుక తీసి, కట్టించుకునేవాళ్ళ కళ్ళెదుట విరగ్గొట్టాలి. దాన్ని "కడుపు చూపించేది" అంటారు. వాళ్ళు ఆ ముక్కలు చేతుల్లోకి తీసుకుని, చూసి, సరే అంటేనే గోడకు దారం కట్టి పని మొదలుపెట్టేది.

ఒకరోజు సుంకమ్మ అవ్వ వచ్చింది. అవ్వది గుట్టకింద పల్లె. పేరుకే గుట్టకింద, ఇప్పుడక్కడ గుట్ట లేదు. సిమెంటు కోసం సున్నపురాయి తవ్వుకుంటూ పోయి, గుట్ట ఉన్నచోట పెద్ద గుంత మిగిల్చారు. ఆ తవ్వకంలో రాళ్ళు పేల్చేటప్పుడే అవ్వ మొగుడు పోయాడు. ఊళ్ళో అంగన్‌వాడీకి గది లేదు, పసిపిల్లలు రేకుల కింద ఉడికిపోతున్నారు. చూడలేక అవ్వ తనకున్న రెండు సెంట్ల స్థలం రాసిచ్చేసింది. ఇచ్చి, ఒక్క షరతు పెట్టింది.

"సామీ, నా స్థలంలోకి సిమెంటు పిడికెడు కూడా రాగూడదు. మా గుట్టను తినింది. మా ఆయన్ను తినింది. ఆ సిమెంటు గోడల మధ్యన ఈ పిల్లోళ్ళు కూచుంటే నా పాణం ఒప్పదు."

తాత వెంటనే మాట ఇవ్వలేదు. శిష్యుల వైపు తిరిగి, "ఇటుక పోసేదెవరు? పోసేవాడే మాట ఇయ్యాల" అన్నాడు.

ఎవరు ముందుకు దూకి ఉంటారో చెప్పాలా? ఓబులేసే. ఏడేండ్ల నుంచి ఉన్నవాడు, కొట్టంలో పెద్ద శిష్యుడు. అవ్వ చేతిలో చెయ్యేసి, "అవ్వా, నాది పూచీ. సిమెంటు రవ్వ కూడా ఉండదు. నువ్వు నిశ్చింతగా ఇంటికి పో" అన్నాడు. అవ్వ ఆ చెయ్యి వదలకుండా, "నువ్వన్నావంటే సాలు నాయనా" అంది. చిన్న శిష్యుడు బాలగురప్ప మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఓబులేసుకు ఆ నవ్వు సుతరామూ నచ్చలేదు.

ఈసారి తాత పాళ్ళు మార్చాడు. ఇనుము కరిగించేచోట, ఇనుము మీద తేలి మిగిలిపోయే పిప్పి ఉంటుంది, దాన్ని చిట్టెం అంటారు. ఎవరికీ పనికిరాక కొండలుగా పోసి పెట్టిన ఆ చిట్టేన్ని పిండి పట్టించి, బస్తాలకెత్తి, బళ్ళారి పక్కనుంచి తెప్పించాడు. బూడిదలో ఆ పిండి కలిపి, సబ్బులకు వాడే సోడా కరిగించిన నీళ్ళు పోస్తే, సున్నం ఇటుక కన్నా రెండింతలు గట్టిపడుతుందట. పాళ్ళు ఓబులేసుకు ఒకటికి రెండుసార్లు చెప్పి, బాలగురప్పను వెంటబెట్టుకుని, ఆరు మైళ్ళ అవతల ఒక దర్గా గోడ ఎత్తడానికి తాత బయలుదేరాడు. నలభై రోజుల పని అది.

పోతూ పోతూ అన్నాడు. "నెల దాకా ఇటుక విరగ్గొట్టొద్దు ఓబులేసూ. తడి గోతాల కింద పడుకోనీ. ఏమన్నా అనుమానమొస్తే వచ్చి అడుగు. ఆరు మైళ్ళే కదా."

"నాకు తెలీదా తాతా!" అన్నాడు ఓబులేసు.

తెలీదు. కానీ ఆ ముక్క వాడెట్లా ఒప్పుకుంటాడు?

పెద్ద అచ్చు కాబట్టి ఆరువందల ఇటుకలు చాలు ఆ గదికి. ఓబులేసు ఒళ్ళు దాచుకోకుండా పోశాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి, పనిలో వాడు దొంగ కాదు. వరసలు తీర్చి, గోతాలు కప్పి, పూటపూటా తడిపాడు. తొమ్మిదో రోజుకు మనసు ఆగలేదు. ఒక్కటే కదా, చూద్దాం ఎట్లా ఉందో అని సుత్తె తీసుకుని ఒకటి విరగ్గొట్టాడు.

లోపల పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు, రోంత నీలం కలిసిన పచ్చ, చింతపండు తగలని రాగి చెంబుకు పట్టే చిలుములాంటిది. బయటంతా బూడిదరంగే, చక్కగా ఉంది. లోపల మాత్రం చిలుము పట్టింది. ఇంకోటి విరగ్గొట్టాడు. అదీ అంతే. వరసకొకటి చొప్పున ఆరు విరగ్గొట్టాడు. ఆరూ పచ్చే.

"కుళ్ళిపోయినాయి" అనుకున్నాడు. సోడా ఎక్కువ పోశానా? పాళ్ళు తప్పానా? చిట్టెం చెడ్డదేమో? సున్నం ఇటుకలో ఎన్నడూ ఇట్లా చూసి ఎరగడు. పసిపిల్లలు కూర్చునే గది, రేపు గోడ కూలిందంటే?

మరుసటిరోజు పొద్దున్నే దర్గా దారి పట్టాడు. మూడు మైళ్ళు నడిచాడు కూడా. వంక దాటితే దర్గా మినారు కనబడుతుంది. అక్కడ ఆగిపోయాడు. తాత పక్కన బాలగురప్ప ఉంటాడు. "ఏం ఓబులేసన్నా, నీకు తెలీదా?" అంటాడు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఓబులేసు చెప్పులో ముల్లు తీసుకుంటున్నట్టు రోంతసేపు అక్కడ కూర్చుని, లేచి వెనక్కి తిరిగాడు. ఆ మూడు మైళ్ళూ ఎట్లా నడిచాడో వాడికే తెలియదు.

ఆ తర్వాత చేసింది చెప్పుకోవడానికి వాడికే నోరు రాదు. కొట్టం వెనక పాత మట్టిగుంత ఉంటే, ఆ ఆరువందల ఇటుకలూ అందులో పారేసి పైన బూడిద కప్పేశాడు. సున్నం ఇటుక గట్టిపడాలంటే రెండు నెలలు పడుతుంది, తాత వచ్చేలోపు కాదు. అందుకని టౌనుకు పోయి బండిలో సిమెంటు బస్తాలు వేసుకొచ్చాడు, పైన గడ్డి కప్పి. మళ్ళీ ఇటుకలు పోయడానికి పిలిచిన కూలోళ్ళు మధ్యాహ్నం కూటికి పోయినప్పుడు ఒక్కడే కూర్చుని బూడిదలో సిమెంటు కలిపి ఉంచేవాడు. వాళ్ళు వచ్చి, "ఏమన్నా, రంగు రోంత మారిందే" అంటే, "కొత్త పాళ్ళులే, మీకేం తెలుసు" అని గదమాయించేవాడు. సిమెంటు బస్తాల గోతాలు కాల్చేశాడు. కానీ మట్టిగుంత మీద కప్పిన బూడిద గాలికి లేచిపోయి, ఇటుకల మూలలు అక్కడక్కడా బయటపడినాయి. వాటి సంగతి మర్చేపోయాడు మహానుభావుడు. దొంగపని కూడా తిన్నగా చేతకాలేదు వాడికి.

నలభై రోజులకు తాత వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, ఇటుకల దగ్గరికి వెళ్ళాడు. ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, గోటితో గీశాడు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు. కొట్టం వెనక మట్టిగుంత వైపు ఒకసారి చూశాడు. తాత ఇటుకను ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేశాడు.

"రేపు మంచిరోజంట. అవ్వ కబురు పెట్టింది" అన్నాడు. "నువ్వు తెల్లారే ఇటుకలు వేసుకుని పో. నేనూ బాలగురప్పా వెనక వస్తాం."

అంతే. తిట్టి ఉంటే బాగుండేదని ఓబులేసుకు అనిపించింది. మళ్ళీ వెంటనే, తాతకు తెలిసి ఉండదులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కడుపు చూపించే దానికి కూడా భయం లేదు. సిమెంటు ఇటుక లోపల బూడిదరంగే ఉంటుంది, పాత సున్నం ఇటుక మాదిరే. ఎవడు కనుక్కుంటాడు?

గుట్టకింద పల్లె జనమంతా అవ్వ స్థలం దగ్గర చేరారు. స్థలానికి పసుపు నీళ్ళు చల్లారు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. ఓబులేసు తాను దింపిన ఇటుకల్లోంచి ఒకటి తీసి, అందరి ముందరా పెట్టి సుత్తెతో ఒక్కటిచ్చాడు. రెండు ముక్కలైంది. లోపల బూడిదరంగు.

అవ్వ వంగి ఒక ముక్క తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. దాన్ని కళ్ళకద్దుకుంది.

"సిమెంటు లేకుండా ఇంత సక్కంగా వచ్చిందే!" అని చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు చూపించింది. "మా ఆయన ఉంటే ఎంత సంబరపడేవాడో." ఆ ముక్కను కొంగులో చుట్టి బొడ్డులో దోపుకుంది.

ఓబులేసుకు తల తీసేసినట్టయింది. అవ్వ మొగున్ని తిన్న సిమెంటు, అవ్వ బొడ్డులోనే ఉంది. తానే పెట్టాడు. అవ్వ అంతటితో ఊరుకోలేదు. వాడిని నీడకు లాక్కొచ్చి కూర్చోబెట్టి, సంగటి ముద్ద మీద గుంత చేసి చెనిక్కాయల ఊరిబిండి వేసి, ఇంత నెయ్యి పోసి ముందర పెట్టింది. "తిను నాయనా. ఎండలో ఎంత కష్టపడినావో, మొగమంతా పీక్కుపోయింది." ఓబులేసు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. నీళ్ళు తాగి దించుకున్నాడు. ఈ నేల రోంత పగిలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండు అనుకున్నాడు. అయినా నోరు విప్పలేదు చూడండి. ఇప్పుడు చెప్తే ఇంతమందిలో పరువేం కాను అన్న లెక్క ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది.

అప్పుడు తాత బండి వచ్చింది.

బండి నిండా ఇటుకలు. ఒంటినిండా బూడిద పూసుకుని ఉన్నాయి. తాత గడ్డం, కనురెప్పలు, మోచేతుల దాకా అంతా బూడిదే. బాలగురప్ప కూడా అట్లాగే ఉన్నాడు, నవ్వడం లేదు. ఓబులేసు ఆ ఇటుకల్ని చూడగానే గుర్తుపట్టాడు. తన చేత్తో పోసినవి, తన చేత్తో పారేసినవి. డెబ్బై ఏండ్ల ముసలాయన తెల్లారిందగ్గర్నుంచి గుంతలో దిగి ఒక్కొక్కటీ ఏరి తెచ్చాడు. సున్నానికి మొద్దుబారిన ఆ వేళ్ళ కణుపుల దగ్గర నెత్తురు చెమర్చి ఉంది.

ఓబులేసు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి నిలబడ్డాడు.

తాత ఒక ఇటుక దింపి, పైబట్టతో బూడిద తుడిచి, వాడి ముందర పెట్టాడు. సుత్తె వాడి చేతికిచ్చాడు.

"కడుపు చూపించు" అన్నాడు.

ఓబులేసు కొట్టాడు. పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. సుత్తె ఎగిరి పడింది, ఇటుక అంచు కూడా రాలలేదు. నాలుగో దెబ్బకు రెండు చేతులా ఎత్తి కొడితే విరిగింది. తొమ్మిదో రోజు ఒక్క దెబ్బకే విరిగినవాటితో పాటు పోసిన ఇటుకే ఇది. లోపల అదే పచ్చ.

"అబ్బ! నెమలి మెడ మాదిరి ఉండాదే!" అని ఒకామె నోరు తెరిచింది. పిల్లలు మూగారు. మగవాళ్ళు ముక్కను చేతిలోకి తీసుకుని, ఇంత గట్టిగా ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపోయారు.

కుళ్ళలేదు. అవి ఎన్నడూ కుళ్ళలేదు.

అవ్వ బొడ్డులోంచి తన ముక్క తీసింది. ఒక చేతిలో ఈ బూడిదరంగు ముక్క, ఇంకో చేతిలో ఆ పచ్చ ముక్క. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. వాడి వైపు తిరిగింది.

"ఇదేంది, అదేంది నాయనా? రెండూ నువ్వు పోసినవేనా?"

ఓబులేసు తాత వైపు చూశాడు. తాత వాడిని చూడటం లేదు. అందరికీ వీపు పెట్టి కూర్చుని, గోడకు కట్టాల్సిన దారం చిక్కు తీసుకుంటున్నాడు. కావాలంటే అబద్ధం చెప్పొచ్చు. "అది పాత పాళ్ళు అవ్వా, ఇది కొత్త పాళ్ళు" అంటే అయిపోతుంది. అవ్వ నమ్ముతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తాత ఎన్నడూ బయటపెట్టడని కూడా వాడికి తెలుసు.

అవ్వ ఇంకా వాడి ముఖమే చూస్తూ ఉంది, నమ్మకంగా.

"అవ్వా" అన్నాడు. చేతిలో సుత్తె కింద పెట్టాడు. మళ్ళీ అన్నాడు. "అవ్వా, నీ కొంగులో పెట్టుకున్న దాంట్లో సిమెంటు ఉంది. నేనే కలిపినా. పొద్దున నేను తెచ్చినవన్నీ అట్లాటివే."



అవ్వ తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. బూడిదరంగు ముక్కను మెల్లిగా వంగి నేల మీద పెట్టింది. పెట్టి, ఆ అరచేతిని కొత్త చీరకు తుడుచుకుంది. ఒకసారి తుడిచి, చాలలేదేమో, మళ్ళీ తుడుచుకుంది. ఓబులేసు బతుకంతా ఎవరెన్ని తిట్టినా అంత సిగ్గు పడి ఉండడు.

"ఎందుకు నాయనా?" అంది.

"లోపల పచ్చగా ఉంటే కుళ్ళిపోయిందనుకున్నా. తాతను అడుగుదామని సగం దూరం పోయినా." కళ్ళు తుడుచుకున్నాడు. "అడగడానికి సిగ్గేసింది అవ్వా."

బాలగురప్ప తల వంచుకున్నాడు.

"అయితే నీ ఇటుకలు నా స్థలం నుంచి ఎత్తుకోని పో" అంది అవ్వ. "ఒక్క పెళ్ళ కూడా మిగలగూడదు."

బాలగురప్ప చెయ్యేయబోతే ఓబులేసు వద్దన్నాడు. దింపిన ఇటుకలన్నీ ఒక్కడే మోసి బండికెత్తాడు. అవ్వ గట్టు మీద కూర్చుని లెక్కగా చూస్తూనే ఉంది. రాలిన పొట్టు కూడా చేతులతో ఊడ్చి, పైబట్టలో మూటగట్టాడు. అందరూ చూశారు. వాడు ఎవరి కళ్ళల్లోకీ చూడలేదు. నేల మీద పెట్టిన ఆ ముక్కను ఆఖరున తీసుకున్నాడు.

ఆ పని అయ్యేసరికి తాత దారం చిక్కు తీశాడు. అవ్వ పచ్చ ముక్కను చూసి, సరే అని తలూపింది. అప్పుడు తాత మొదటి వరసకు దారం కట్టడం మొదలుపెట్టాడు.

ఓబులేసు వచ్చి తాత పక్కన, రోంత దూరంగా, కింద కూర్చున్నాడు. పచ్చ ఇటుక రెండో ముక్క అక్కడే ఎండలో పడి ఉంది. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, కొట్టంలో చేరిన ఏడేండ్లకు, మొదటిసారి అడిగాడు.

"తాతా, నాకు తెలీదు. ఆ పచ్చ ఎప్పటికీ అట్లే ఉంటాదా?"

తాత దారం వదలకుండానే అన్నాడు.

"మూసి పెట్టినన్నాళ్ళు ఉంటాది నాయనా. గాలి తగిలితే పోతాది."